బొటనవేలి కింద తప్పు

తెర మీద అంకె అరవై ఒకటి శాతానికి మారినప్పుడు హెల్వె చేతిసంచిని ఒళ్లో ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. అందులో ఉన్న ఉత్తరం నలుగుతుందేమోనని మళ్లీ చేయి వదులు చేసింది. నాలుగు పేరాల ఉత్తరం. పత్రికలో సంస్కృతి పేజీ చూసే ఆవిడకు రాసింది. మూడుసార్లు తిరగరాసి, కోపం కనబడిన ప్రతి మాటనూ కొట్టేసింది. చివరికి మిగిలింది చదువుకుంటే రొట్టె కోసే కత్తిలా చల్లగా, పదునుగా ఉంది. సాక్ష్యం ఉంటే గురువారం సాయంత్రం నాలుగులోపు పంపండి, శనివారం వేస్తాం, లేకపోతే లేదు, అని ఆవిడ ఫోనులో చెప్పింది. ఇది గురువారం. గడియారంలో రెండూ నలభై. శనివారమే రాజధాని తాలిన్‌లో సభ, లీవికి బహుమానం, పూలగుత్తి, చప్పట్లు. ఆ పూలగుత్తి లీవి చేతికి అందేవేళకు హాల్లో సగంమంది ఒళ్లో ఆ పేపరు ఉండాలి. అంతకన్నా ఎక్కువ ఏమీ కోరలేదు హెల్వె. అంతకన్నా తక్కువతో సరిపెట్టుకోదలుచుకోలేదు.

ఉర్మో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పాత పిండిమర వెనక గది. ముందు గదిలో సైకిళ్లు బాగుచేస్తారు కాబట్టి ఇక్కడి కాఫీకి కూడా రబ్బరు వాసన. విల్యాండి ఊళ్లో ఫిబ్రవరి వెలుగు మంచు మీద పడి కింద నుంచి పైకి వస్తుంది, గడ్డాల కింద పడి ముసలివాళ్లను ఇంకా ముసలివాళ్లను చేస్తుంది. ఉర్మోకు నలభై దాటాయి, జుట్టు పలచబడింది, అయినా హెల్వె కుర్చీలో కదిలితే ఏడో తరగతిలో లాగా లేవబోయి ఆగిపోతాడు. నిన్న ఆమె చెల్లెలు మైము ల్యాప్‌టాప్ లోంచి డిస్కు ఊడదీసి, అందులో ఉన్నదంతా పొల్లుపోకుండా ఇంకో డిస్కులోకి ఎత్తి, అసలుదాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. "వెతుకులాట ఎప్పుడూ నకలు మీదే చేస్తాం టీచర్. అసలుదాన్ని ముట్టుకోం" అన్నాడు. నకలు అన్న మాటకు హెల్వె పెదవులు బిగిశాయి. అతను గమనించలేదు, లేదా గమనించి కూడా చెబుతూ పోయాడు. "పెట్టె పోలేదు టీచర్. పెట్టె ఎక్కడుందో రాసిన చీటీ పోయింది. మీరు చెరిపింది చీటీని."

"అయితే దొరుకుతుంది."

"దొరకాలి. కానీ పెట్టె మొదట్లో తాళంకప్ప ఉంటుంది, గోరంత చోటు. చెరిపాక మీరు కంప్యూటర్ వాడి, ఆ చోట ఇంకేదైనా రాసుకుపోయి ఉంటే, చెవి చేతిలో ఉన్నా దూర్చడానికి కన్నం ఉండదు."

"వాడలేదు. మూత వేసి బీరువాలో పెట్టాను."

"బళ్లోకి ఇచ్చేద్దామనుకున్నానన్నారుగా?"

"ఇచ్చేలోపు పుస్తకం చూశాను."

అరవై నాలుగు. క్రిస్మస్‌కు ముందు వారం, వంటబల్ల మీద, మైము పోయి ఇంకా నెల కాలేదు. ఆ డిస్కు రెండు భాగాలుగా ఉంది. ఒకదాంట్లో ఫొటోలు, కరెంటు బిల్లులు, తపాలా కార్యాలయం సెలవు కాగితాలు. వాటిని వేరేచోట దాచింది. రెండోదానికి పేరు లేదు, అందులో చదవదగ్గది ఏదీ లేదు, ఇదేమిటో నాకు తెలియదని కంప్యూటరే చెప్పింది. ఖాళీ గది అనుకుంది. చివరిదాకా చదవకుండా దేనికీ సంతకం పెట్టని మనిషి ఆమె. ఈ భాగంలోని సమాచారమంతా పోతుంది, సరేనా అని అడిగిన ప్రశ్నను రెండుసార్లు చదివి, సమాచారమే లేనప్పుడు పోయేదేముందని సరే నొక్కింది. తాళం వేసిన పెట్టె ఖాళీ పెట్టెలాగే కనబడుతుందని, ముప్పై ఎనిమిదేళ్లు పిల్లలకు చదవడం నేర్పిన మనిషికి ఎవరూ చెప్పలేదు. జనవరిలో బజారు వీధిలో పుస్తకాల కొట్టు అద్దం వెనక ఆ పుస్తకం నిలబడి ఉంది, అట్ట మీద ఎర్రటి ఉన్ని చేతితొడుగు, నాలుగు వేళ్లకూ కలిపి ఒక గది, బొటనవేలికి వేరే గది, కింద లీవి పేరు. ముప్పైరెండు ఇళ్ల అల్లికలు. హెల్వె అక్కడే మంచులో నిలబడి ఆ అంకెను మళ్లీ మళ్లీ చదువుకుంది. మైము ఎన్నిసార్లు చెప్పిందో ఆ అంకె, ముప్పైరెండు ఇళ్లక్కా, ముప్పైమూడో ఆవిడ ఒప్పుకోలేదు, కుక్కను వదిలింది.

పంతొమ్మిదేళ్లు నారింజ రంగు వ్యానులో ఉత్తరాలు పంచింది మైము. సరస్సు అవతలి ఊళ్లలో ఒంటరి ఇళ్లు, ఒంటరి ముసలమ్మలు. పింఛను కాగితం మీద సంతకం పెడుతూ వాళ్లు పొయ్యి మీద ఆరేసిన తొడుగుల్ని ఈమె చూసేది. ఈ వరస ఎక్కడిదమ్మా అంటే మా అత్తదంటూ ఒకరు, ఎవరికీ చెప్పకు అంటూ ఒకరు. వ్యానులోకి వచ్చి గళ్ల కాగితం మీద ఒక గడికి ఒక కుట్టు చొప్పున గీసుకునేది. ఇంటికొచ్చి కంప్యూటర్లో తిరగ్గీసి తాళం వేసేది. ఎవరింటికి ఏ ఉత్తరం వచ్చిందో తోడబుట్టినదానికి కూడా చెప్పని మనిషి, ఎవరి ఇంటి అల్లిక ఏదో ఎలా చెబుతుంది. ఆ గళ్ల కాగితాల కట్టలు ఆమె బీరువా పై అరలో ఉండాలి. ఖననం అయిన మర్నాడు హెల్వె తెరిచి చూస్తే అర ఖాళీ, కట్టలు ఉన్నచోట మాత్రం దుమ్ము లేని నలుచదరం. ఆ నలుచదరం ఇప్పటికీ కళ్ల ముందుంది. అద్దెవాళ్లు ఖాళీ చేసిన గదిలో గోడ మీద పటం గుర్తులా. ఇంటి తాళంచెవి ఇంకొకటి ఎవరి దగ్గరుండేదో హెల్వెకు తెలుసు.

డెబ్బై. ఉర్మో మూలనున్న బల్ల దగ్గర ఎవరిదో ఫోను విప్పుతున్నాడు. చిన్న చిన్న మరలను ఒక సాసరులో వేస్తున్నాడు, ఒక్కోటీ పడ్డప్పుడు సన్నని చప్పుడు. శ్మశానంలో కూడా ఇలాగే, గడ్డకట్టిన మట్టి పెట్టె మీద పడ్డప్పుడు చప్పుడు మామూలుగా ఉండదు, రాళ్లు వేసినట్టుంటుంది. లీవి వరసలో నాలుగో మనిషి. వచ్చి చేయి చాపింది. తొడుగు తీయలేదు. చావు దగ్గర చేయి కలిపేటప్పుడు తొడుగు తీయాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. హెల్వె తన వట్టి చేతిలో ఆ ఉన్నిని పట్టుకుంది. పట్టుకోగానే వేళ్లకు తెలిసిపోయింది అది మైము అల్లిక అని, ఆ బిగువు ఇంకెవరికీ రాదు. "హెల్వెక్కా, మీతో ఒక మాట చెప్పాలి" అంది లీవి. "ఇప్పుడు కాదు" అంది హెల్వె, వెనకున్న మనిషి వైపు తిరిగింది. ఆ తర్వాత మూడుసార్లు ఫోను మోగింది, మూడుసార్లూ ఎత్తలేదు. దొంగ చెప్పుకునే సంజాయిషీ వినడమంటే దొంగతనంలో సగం వాటా తీసుకోవడమే.

తప్పుల్లోంచి దొంగను పట్టడం ఆమె వృత్తి. ఇద్దరు పిల్లల కాగితాల్లో ఒకే ఒప్పు ఉంటే ఏమీ తేలదు. ఒకే తప్పు ఉంటే తేలిపోతుంది. లీవి పుస్తకం కొని తెచ్చి, బల్ల మీద పెట్టి, ఎర్ర పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది హెల్వె. ఎనభై ఎనిమిదో పేజీలో వాళ్ల సొంత ఇంటి అల్లిక. బొటనవేలి కింద మూడో వరసలో, నల్లది ఉండాల్సిన గడిలో ఒక్క తెల్ల కుట్టు. అమ్మమ్మ కుట్టు అది. ఊళ్లో అందరి తొడుగులూ ఒకేలా ఉండేవి. చర్చిలో పొయ్యి పక్కన బల్ల మీద తడి తొడుగులన్నీ ఒకే కుప్ప. ఎవరివి ఎవరివో తెలియాలంటే ప్రతి ఇంటికీ ఒక తప్పు ఉండాలి. వరస ఊరిది, తప్పు ఇంటిది, అనేది అమ్మమ్మ, సూదులు ఆపకుండానే. ఇద్దరు మనవరాళ్లనూ చెరోవైపు కూర్చోబెట్టుకుని ఆ ఒక్క కుట్టును చేతులు పట్టుకుని తప్పు అల్లించింది. తప్పు అల్లడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, వేళ్లు ఒప్పుకోవు. అది తెలియని లీవి, అల్లికలో ముడి కూడా సరిగ్గా వేయలేని లీవి, వేసవి శిబిరాల్లో మైము పక్కన కూర్చుని పట్నం వాళ్లకు పాఠాలు చెప్పడం మాత్రం వచ్చిన లీవి, అచ్చుతప్పుతో సహా ఎత్తి రాసుకుంది. ఎర్ర పెన్సిల్‌తో ఆ గడి చుట్టూ సున్నా చుడుతున్నప్పుడు హెల్వెకు రెండు నెలల్లో మొదటిసారి ఆకలి వేసింది. లేచి రై పిండి రొట్టె కోసుకుని, వెన్న రాసుకుని, నిలబడే తింది.

ఒక్క కుట్టు సాక్ష్యం కాదమ్మా, అంది పత్రికావిడ. తేదీలున్న బొమ్మలు కావాలి. తేదీలన్నీ హెల్వె చెరిపేసిన చోట ఉన్నాయి.

"నవ్వుతారేమో గానీ టీచర్" అన్నాడు ఉర్మో, తల ఎత్తకుండా, "నకలంటే గుర్తొచ్చింది. ఏడో తరగతిలో చలికాలం పొద్దు మీద వ్యాసం. మీరు నాకు రెండు వేశారు. అయిదుకి రెండు."

"రాందోవాడి దగ్గర చూసి రాశావు. సూర్యుడు పడమర లేచాడని ఇద్దరూ రాశారు. ఇద్దరికి ఒకేసారి అలా తోచదు."

"అది నాదే టీచర్. మా వంటింట్లో అద్దం ఉండేది. పొద్దున్న గంజి తాగుతూ నేను చూసేది అద్దంలో సూర్యుణ్ణి. నాకు అదే పొద్దు. వాడు రాయలేక కూర్చుంటే నేనే కాగితం అటు జరిపాను."

"మరి అప్పుడు నోరెందుకు విప్పలేదు?"

"విప్పితే వాడికి పడేది రెండు. మీ రెండుతో ఇంటికెళ్తే వాడి నాన్న బెల్టు తీసేవాడు. మా నాన్న నవ్వేసేవాడు." మర సాసరులో పడింది. "కోపమేం లేదు లెండి. మీ దగ్గర మంచి మార్కు వచ్చినవాళ్లెవరూ ఈ ఊళ్లో మిగల్లేదు. నేను మిగిలాను, మీకు పనికొచ్చాను."

హెల్వె తెర వైపు తిరిగింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మార్కును ఇప్పుడు తిరగదోడటమేమిటని విసుగు వచ్చింది. ఎనభై మూడు. ఇతనికి ఇవన్నీ గుర్తుండటమే ఒక రకం పగ అనుకుంది. పగ అంటే అదే, మర్చిపోకుండా ఒకచోట పెట్టుకోవడం. తను కూడా పెట్టుకుంది. శనివారం హాల్లో లీవి ముఖం ఎలా మారాలో పదిరకాలుగా ఊహించి పెట్టుకుంది. ముందు ఎవరో చెవిలో చెబుతారు. లీవి మెడ దగ్గర ఎరుపెక్కుతుంది, ఆమెకు సిగ్గేస్తే అక్కడే మొదలవుతుంది. మైక్ దగ్గరికి పిలుస్తారు, ఆమె లేవదు. తను అరవదు, నిలబడదు, మూడో వరసలో కూర్చుని చూస్తుంది, అంతే. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాడికి తను చూస్తున్నట్టు తెలిసిన క్షణం ఉంటుందే, కలం ఆగిపోయే క్షణం, అది చాలు.

తొంభై. ఆసుపత్రి గది కిటికీలోంచి తార్తు ఊరి ఇంటికప్పులు కనిపించేవి. మైము చేతులు దుప్పటి మీద సూదులు లేకుండానే ఏదో అల్లుతుండేవి. పదకొండు రోజులు. జబ్బు సంగతి హెల్వెకు తెలిసిన రోజు నుంచి చివరి రోజు దాకా పదకొండు రోజులు. ఇంత త్వరగా ఎలా ముదిరిందని డాక్టరును అడిగితే ఆయన కాగితాలవైపు చూసి, మీ చెల్లెల్నే అడగండి అన్నాడు. అడగలేదు. జ్వరంగా ఉన్న మనిషిని ఏమడుగుతుంది. తొమ్మిదో రోజున మైము కళ్లు తెరవకుండానే, "అక్కా, అమ్మమ్మ మాట గుర్తుందా? ఎక్కడన్నా నిన్ను అడిగితే అదే చెప్పు" అంది. ఎవరడుగుతారే అంటే నవ్వింది. మందు మత్తులో మాట అనుకుని హెల్వె దిండు సర్దింది. నిన్న ఉర్మో, తాళంచెవి ఏమిటో తెలుసా టీచర్, ఒక మాటో వాక్యమో అయ్యుంటుంది, అని అడిగేదాకా ఆ నవ్వు అర్థం కాలేదు.

"తొంభై నాలుగు" అన్నాడు ఉర్మో, ఆపైన కుర్చీని ముందుకు లాక్కుని వంగాడు. "ఆగండి. తాళంకప్ప. ఇదిగో, ఇక్కడ మొదలు." కాసేపు ఏవో అంకెలు కొట్టాడు. హెల్వె గడియారం చూసింది, మూడూ ఇరవై రెండు. "చెక్కుచెదరలేదు. మీరు బీరువాలో పెట్టడం మంచి పనైంది." తెర మీద ఖాళీ గడి, అందులో మిణుకుమిణుకుమంటూ నిలువు గీత. అతను కుర్చీ ఖాళీ చేసి, కీబోర్డు ఆమె వైపు తిప్పి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. హెల్వె ఒక్కో వేలితో కొట్టింది. వరస ఊరిది, తప్పు ఇంటిది. అమ్మమ్మ పలికిన యాసలోనే. చక్రం తిరిగింది, ఆగింది, తలుపు తెరుచుకుంది.

ముప్పైరెండు ఇళ్ల పేర్లతో ముప్పైరెండు ఫోల్డర్లు. పక్కన తేదీలు, పన్నెండేళ్ల కిందటివి, తొమ్మిదేళ్ల కిందటివి. హెల్వె చేయి సంచిలోని ఉత్తరం మీదకు తనంతట తనే వెళ్లింది. దొరికావు లీవీ, అనుకుంది. అప్పుడు చివర్న ఒంటరిగా ఉన్న ఫైలు కనబడింది. దాని పేరు హెల్వెక్క.

అక్కా, నువ్వు దీన్ని తెరిచావంటే నీకు బాగా కోపం వచ్చి ఉంటుంది. కోపం రాకపోతే నువ్వు వెతకవు, అందుకే ఇక్కడ పెట్టాను. కాగితాలు లీవికి నేనే ఇచ్చాను. ఒక్కో ఇంటిలోనూ నేను మాట ఇచ్చాను, ఇవి నా పేరుతో ఎప్పటికీ బయటికి రావని. తపాలా మనిషి మాట. లీవి ఆ మాట ఇవ్వలేదు. నీ పేరుతో వేసుకో అని నేను చెప్పినా ఆమె వెంటనే ఒప్పుకోలేదు, ఇళ్లన్నీ మళ్లీ తిరిగి అడుగుదాం, కాదన్నవాళ్లవి వద్దు అంది. ఈ వేసవంతా నన్ను కారులో కూర్చోబెట్టుకుని తిరిగింది. చచ్చిపోయిన వాళ్ల పిల్లల్ని కూడా అడిగాం. ముప్పైరెండు ఇళ్లలో ఒక్కరూ కాదనలేదు. ముప్పైమూడో ఆవిడ మళ్లీ కుక్కను వదిలింది, లీవి పరుగెత్తడం నువ్వు చూడాల్సింది. ఏప్రిల్‌లో డాక్టరు నాతో చెప్పినప్పుడు లీవి బయట బెంచీ మీద ఉంది, అందుకే ఆమెకు తెలిసింది. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ప్రతి శనివారం వచ్చి నా చావును ఎర్ర పెన్సిల్‌తో దిద్దేదానివి. నాకు ఈ ఒక్కటీ తప్పులతో చేసుకోవాలని ఉంది. మన ఇంటి బొమ్మలో బొటనవేలి కింద కుట్టు అలాగే ఉంచమన్నాను, పట్నం వాళ్లు అచ్చుతప్పు అంటారని లీవి భయపడింది. మా అక్క చూస్తుంది, చూసి నాది అని తెలుసుకుంటుంది అన్నాను. తొడుగులు ఆమెకు ఇచ్చాను. నా ఖననంలో వేసుకోమన్నాను, తీయొద్దన్నాను. నీతో చేయి కలిపేది నేననుకో.

హెల్వె రెండోసారి చదవలేదు. పాఠాన్ని ఒక్కసారి చదివితే చాలు ఆమెకు. బయట ఎవరో పారతో మంచు గీకుతున్నారు, గీకి, ఆగి, మళ్లీ గీకి. వేసవి. జూన్, జూలై. కాళ్లు నొప్పులక్కా, ఇంట్లోనే పడున్నాను, నువ్వు రావద్దులే, అని ఫోనులో చెప్పిన ఆదివారాలు. వెనకాల కారు చప్పుడు ఉందా ఆ ఫోన్లలో? కుక్క మొరిగిందా? తను వేసవి పరీక్షల కాగితాలు దిద్దుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, సరే పడుకో అంది. లీవికి దాదాపు ఎనిమిది నెలలు. తనకు పదకొండు రోజులు. ఆ నలుచదరంలోంచి పోయింది కాగితాలు కావు. శనివారం హాల్లో ఎరుపెక్కాల్సిన మెడ ఎవరిదో ఒక్క క్షణం తెలియలేదు, మట్టి కింద ఉన్నదాని మీద పగ ఎలా తీర్చుకుంటారు.

"పెన్‌డ్రైవ్‌లోకి ఏవి ఎక్కించమంటారు టీచర్? మూడూ ముప్పై ఆరు" అన్నాడు ఉర్మో, కిటికీ దగ్గర నుంచే.

"బొమ్మలు ఎక్కించు" అంది.

అతను వచ్చి, తెర మీద తెరిచి ఉన్న కాగితాన్ని చూడకుండా పక్కకు జరిపి, బొమ్మలు ఎత్తడం మొదలుపెట్టాడు. మైము ఉత్తరం సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఇద్దరిలో ఒకరు లేరు. లీవికి ఉత్తరం ఉందని తెలియదు, తనను కాపాడుకోవడానికి కూడా నోరు విప్పదు. ముసలమ్మలకు మైము ఇచ్చిన మాట నిలవాలంటే విప్పకూడదు, కాబట్టి విప్పదు. తేదీలున్న బొమ్మలు పత్రికకు వెళ్తాయి, పేపరు వస్తుంది, లీవి తల వంచుకుని నిలబడుతుంది, ఒక్క మాట అనదు. ఇంత నిక్కమైన పగ మనిషికి బతుకులో ఒక్కసారి దొరుకుతుంది. నోట్లో నీళ్లూరినట్టు అనిపించి హెల్వెకు తన మీద తనకే వెగటు వేసింది, అయినా నీళ్లూరడం ఆగలేదు.

"ఆ ఒక్క ఫైలూ తీసేయగలవా?" అంది. "మళ్లీ ఎవరికీ దొరకకుండా."

"తీసేస్తే పోదు టీచర్, చూశారుగా. నిజంగా పోవాలంటే దాని మీద ఇంకోటి రాయాలి. ఏం రాయమంటారు?"

ఆమె దగ్గర రాసినది ఒకటి ఉంది. నాలుగు పేరాలు. సంచిలోంచి తీసి ఒళ్లో విప్పింది, మొదటి వాక్యం చదివింది, బాగా కుదిరిన వాక్యం. పార గీకుతోంది. మూడూ నలభై నాలుగు అయ్యింది, నలభై ఆరు అయ్యింది. హెల్వె ఆ కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి, సంచిలో వేసి, ఫోను తీసింది.

"సాక్ష్యం దొరికింది" అంది పత్రికావిడతో. "కానీ నేను రాసినదానికి కాదు."

"అంటే ఏమిటమ్మా? వేయాలా వద్దా?"

"వేయకండి. నకలు కాదు. ఇచ్చి రాయించింది."

ఫోను పెట్టేసింది. బొమ్మలూ మైము ఉత్తరమూ కూడా ఎక్కించమంది. ఉర్మో సరేనని తలూపి, చిన్న పెన్‌డ్రైవ్‌ను ఆమె అరచేతిలో పెట్టాడు. హెల్వె లేచింది. అతనూ లేచాడు, ఈసారి పూర్తిగా.

"మీ వంటింటి అద్దం ఏ గోడకి ఉండేది?"

"పడమటి గోడకి టీచర్. కిటికీకి ఎదురుగా."

"అయితే పడమరే లేచాడు" అంది హెల్వె. చేయి చాపింది. చాపేముందు తొడుగు తీసింది.

బయట పొద్దు ఇంకా ఉంది. శనివారం తొలి బస్సులో తాలిన్ వెళ్తుంది. మూడో వరస కాదు, మొదటి వరస. చప్పట్లు కొట్టాల్సినప్పుడు కొడుతుంది. సభ అయ్యాక లీవి పూలగుత్తితో దిగి వస్తుంది, మెడ ఎర్రబడుతుంది, హెల్వెక్కా అంటుంది. క్షమించడం, క్షమించకపోవడం తర్వాతి సంగతి. ఆ ఎనిమిది నెలలూ ఆ మనిషి దగ్గరే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఏప్రిల్‌లో ఆసుపత్రి బయటి బెంచీ దగ్గర మొదలుపెట్టమంటుంది. ఏ ఇంటికి ముందు వెళ్లారు, కారులో ఏం మాట్లాడుకున్నారు, ఎక్కడ ఆగి ఏం తిన్నారు, మైము ఎక్కడ నవ్వింది, ఎక్కడ కారు ఆపమని దిగి వాంతి చేసుకుంది. లీవి ఏడిస్తే ఆగుతుంది. ఏడుపు అయ్యాక మళ్లీ అడుగుతుంది. ముప్పైరెండు ఇళ్లు, ఒక్కటి కూడా దాటనివ్వదు. కుక్క ఉన్న ఇంటితో కలిపి ముప్పైమూడు.